ఫ్యాక్టరీ షెడ్డులో సినిమా చూశాను!

మా మార్కాపురంలో సాయంత్రం పలకల ఫ్యాక్టరీ వదిలే వేళ గేటు దగ్గర నిలబడేవాణ్ణి, అమ్మ కోసం. రాతిదుమ్ము దులుపుకుంటూ ఆడవాళ్ళు, వెనకాల సైకిళ్ళ మీద మగవాళ్ళు... ఇదీ ఓ సీనేనా అంటారేమో! ప్రపంచంలో తొలి సినిమాల్లో ఒకటి అచ్చం ఇదే సీను మరి!

అది తీసిన చోటు ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ఉంది. అక్టోబరులో జరిగే లూమియేర్ చిత్రోత్సవానికి వెళ్ళి కళ్ళారా చూశాను. ఆ వీధి పేరే 'తొలి సినిమా వీధి'! లూమియేర్ల ఫ్యాక్టరీలో చేసిందీ పలకలే. కాకపోతే మావి రాతివి, వాళ్ళవి ఫోటోలు తీసే గాజు పలకలు. 1895 మార్చి 19న లూయీ లూమియేర్ గేటుకెదురుగా కెమెరా పెట్టి, పని దిగి వస్తున్న కూలీలను తీశాడు. నిమిషం కూడా లేదు. ముందొచ్చేది ఆడవాళ్ళే. ఓ కుక్క, సైకిళ్ళు సరేసరి. అన్నట్టు, ఇదే సీను మూడుసార్లు తీశారట. రీటేకుల గోల అప్పుడే మొదలైందన్నమాట! అదే ఏడు డిసెంబరు 28న పారిస్‌లో టిక్కెట్టు పెట్టి వేస్తే వచ్చింది 33 మందే. 1896 జులై 7కల్లా లూమియేర్ల బొమ్మలు బొంబాయి వాట్సన్ హోటల్‌కీ వచ్చేశాయి.

ఫ్యాక్టరీలో చాలా భాగం కూల్చేశారు. మిగిలిన షెడ్డు చుట్టూ అద్దాలు కట్టి, 1998లో దాన్ని సినిమా హాలు చేశారు. సుమారు 270 సీట్లు. తలెత్తితే పాత కర్ర దూలాలే. బొమ్మ మొదలయ్యేదాకా నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. ఆనాటి కూలీలు బయటికొచ్చిన చోటికి మనం టిక్కెట్టు కొని లోపలికి పోతాం. ఉత్సవానికొచ్చిన దర్శకులు ఇప్పటికీ ఆ సీను మళ్ళీ తీస్తుంటారు. 2013లో టరంటీనో కూడా తీశాడు.

అమ్మ పనిచేసిన షెడ్డు ఇప్పుడు లేదు. ఒక్క ఫోటో అయినా లేదు. తెరమీద ఆడవాళ్ళు నవ్వుకుంటూ వస్తుంటే నాకు అదే గుర్తొచ్చి, కాసేపు బొమ్మ కనబడలేదు.

ఊరికొచ్చాక ఫోన్లో ఆ బొమ్మ అమ్మకి చూపించాను. రెండుసార్లు వేయించుకుని చూసింది.

"అందరూ మంచి బట్టలే కట్టుకున్నారు. చేతిలో అన్నం క్యారేజీలు లేవేందిరా?" అంది.