క్యాంప్ యోలోఫ్‌ను నాకు పరిచయం చేసిన అన్నం

మీరు మారిషస్‌లో పెరిగి ఉంటే పోర్ట్ లూయీలోని క్యాంప్ యోలోఫ్ పేరు వినే ఉంటారు. చిన్నప్పుడు నేను వెయ్యిసార్లు విన్నాను. దాని అర్థం ఏమిటని ఒక్కసారీ అడగలేదు. యాభై దాటాక, నాటింగ్‌హామ్‌లో, ఒకరి వంటింట్లో తెలిసింది.

నేను పాఠం చెప్పే పిల్లవాడి తల్లిది సెనెగల్. నాకు ఫ్రెంచి వచ్చు కనుక మాట కలిసింది. "ఇంట్లో మేము మాట్లాడేది వొలోఫ్" అన్నారామె. వొలోఫ్, యోలోఫ్! 18వ శతాబ్దంలో ఫ్రెంచివారు బానిసలుగా పట్టి తెచ్చిన వారి పేరే ఆ పేటకు మిగిలింది. 1834లో మన కూలీల ఓడలు రాకముందే వారు అక్కడ ఉన్నారు. సిగ్గుపడి, "మీ చేబు జెన్ నాకు నేర్పండి" అని అడిగాను.

చేబు అంటే అన్నం, జెన్ అంటే చేప. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన వంట ఇది. సెనెగల్‌లోని సాన్ లూయీ ఊరిలో పెండా మ్బాయ్ అనే వంటమనిషి మొదట చేసిందని అక్కడివారు చెప్పుకుంటారు.

ఒక శనివారం హైసన్ గ్రీన్ దుకాణాలలో సరుకులు కొన్నాము. కిలో బియ్యం కోసం నేను చెయ్యి చాపితే ఆమె ఆపి, నూకలు తీశారు. నూకలు! మందిరం తరగతిలో ఈ మాట నేర్పలేదు, అవ్వ దగ్గర విన్నాను. ఫ్రెంచివారు సెనెగల్ రైతుల చేత ఎగుమతికి వేరుశనగ పండించి, తినడానికి ఇండోచైనా నుండి నూకలు తెచ్చి పోశారు. ఆ చౌక బియ్యమే ఇప్పుడు ఆ వంటకు ప్రాణం. మన పెద్దలకు తోటలో కొలిచి ఇచ్చిన బియ్యం, పప్పు, ఎండుచేప గుర్తొచ్చాయి.

మీరూ చేయాలనుకుంటే వినండి. గట్టి కండ ఉన్న చేప ముక్కలకు గాట్లు పెట్టి, కొత్తిమీర వంటి పార్స్‌లీ ఆకు, వెల్లుల్లి, మిరపకాయ, ఉప్పు కలిపి నూరిన ముద్దను కూరాలి. దానిని రోఫ్ అంటారు. నూనెలో వేయించి తీయాలి. అదే నూనెలో ఉల్లిపాయ, తరువాత టమాటా ముద్ద. ఇక్కడ తొందరపడకండి. నేను పడ్డాను, ఆమె గరిటె లాక్కున్నారు. ఎరుపు ముదిరి, నూనె పైకి తేలేదాకా వేయించాలి, మన రుగాయ్ కంటే చాలా ఎక్కువసేపు. అప్పుడు నీళ్ళు, ఒక ఎండుచేప ముక్క, క్యారట్, క్యాబేజీ, వంకాయ, కర్రపెండలం. ఏది ఉడికితే దాన్ని తీసి పక్కన పెట్టాలి. వేయించిన చేపను కాసేపు ఆ పులుసులో ఉంచి తీయాలి. నూకలను కడిగి, మరిగే గిన్నె పైనే ఆవిరి పట్టించి, తరువాత ఆ ఎర్రని పులుసులో వేసి సన్నని సెగ మీద మూత పెట్టాలి. పక్కన పుల్లని ఆకు ముద్ద ఒకటి చేశారు. నోట్లో పెట్టగానే తెలిసింది, గోంగూర!

అన్నమంతా ఒకే పెద్ద పళ్ళెంలో పోసి, నడుమ చేప, కూరలు పెట్టారు. చుట్టూ ఆరుగురం కూర్చున్నాము. ఎవరి ముందున్నది వారు తినాలి. నా చెయ్యి ఒక క్షణం ఆగింది.

ఎందుకో మీలో కొందరికి తెలుసు. మా వీధిలో క్రియోల్ వారి ఇంట అన్నం ముట్టవద్దని మా పెద్దలు చెప్పేవారు. నేను దాచి ఒకసారి తిన్నాను. దెబ్బలు కూడా తిన్నాను. స్నేహితురాలి తల్లి మాత్రం గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ తరువాత నన్ను ఇంట్లోకి పిలవలేదు.

నాటింగ్‌హామ్‌లో నా చెయ్యి ఆగడం ఈ తల్లి చూశారో లేదో నాకు తెలియదు. చేప ముక్క తుంచి నా వైపు నెట్టారు. తిన్నాను. చివరికి గిన్నె అడుగున గీకి మాడు తెచ్చారు. దానిని వారు హోన్ అంటారు. అందులో పెద్ద ముక్క నాకు వచ్చింది. మా ఇంట్లో అవ్వ మాడును తనకు ముద్దైన పిల్లకే పెట్టేది.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆమెకు 86 ఏళ్ళు. ఆనాడు నన్ను కొట్టింది ఆమే. చాలాసేపు ఏమీ అనలేదు.

"మాడు నీకు పెట్టారా?" అని అడిగింది.

పెట్టారన్నాను.

"టమాటా ఎంతసేపు వేయించాలన్నారు? మళ్ళీ చెప్పు" అంది.