రెజ్యూమెలో తెలుగును దాచవద్దు

బెంగళూరులో బీకాం చదివే మన పిల్లల్లో కొందరు ఫైనాన్స్ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు తెలుగు మాధ్యమంలో చదివామని రాయడానికి జంకుతారు. జంకనక్కర్లేదు. తెలుగు, కన్నడ, ఇంగ్లిషుల్లో ఖాతాదారులతో మాట్లాడగలగడం బ్యాంకులకు పనికొచ్చే అర్హతే. ఏ భాష మాట్లాడగలరో, ఏది చదివి రాయగలరో విడివిడిగా చూపాలి.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. 'కష్టపడే స్వభావం' అనడం కన్నా 'చిక్కపేటలో నాన్న దుకాణం లెక్కలు ఏడాదిపాటు ట్యాలీలో రాశాను' అన్న వాక్యానికి బరువెక్కువ. సెబీ, ఎన్‌ఐఎస్‌ఎంల ఇన్వెస్టర్ సర్టిఫికేషన్ పరీక్షకు రుసుము లేదు. ఉత్తీర్ణులైతే అదీ చేర్చవచ్చు. కులం, ఆధార్ నంబరు అక్కర్లేదు.

తల్లిదండ్రులారా, పిల్లలు ఇంటి వ్యాపారంలో చేసిన పనులను గుర్తుచేయండి. ఉపాధ్యాయులు ఒకసారి చదివి తప్పులు దిద్దితే మేలు. చేయని పని మాత్రం రాయనివ్వకండి. ఇంటర్వ్యూలో తొలి ప్రశ్న దానిమీదే రావచ్చు.