కాదనే హక్కు లేని దానం

నేను చదువుకున్న సాంఘిక సంక్షేమ వసతిగృహానికి, నేను ఉద్యోగం చేస్తున్న సంస్థ అయిదేళ్ల కిందట నలభై పాత కంప్యూటర్లను దానం చేసింది. ఆ నలభైకీ జాబితా రాసినవాణ్ణి నేనే. మా కాలంలో అక్కడ రాత్రిపూట చదువుకోవడానికి వరండాలో ఒకే ఒక్క ట్యూబులైటు ఉండేది. దాని కిందికి ముందుగా చేరినవాడికే ఆ పూట చదువు. ఆ వరండాను ఆనుకుని ఉన్న గదిలో ఇకమీదట నలభై తెరలు వెలుగుతాయని ఆశపడ్డాను. లారీ కదిలిన రోజున నాకు కలిగిన గర్వాన్ని తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది. గత వేసవిలో మళ్లీ అక్కడికి వెళ్లాను. ఆ గదికి తాళం వేసి ఉంది.

వార్డెన్ గారు తాళంచెవి వెతికించి తలుపు తీయించారు. కంప్యూటర్లు గోడ వెంబడి ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీనే వాటిమీద కప్పారు. దానిమీద మా సంస్థ గుర్తు, మా పెద్ద అధికారి చిరునవ్వు చెక్కుచెదరలేదు. నలభైలో మొదటి నెల పనిచేసినవి పదిహేడని, ఏడాది తిరిగేసరికి నాలుగు మిగిలాయని, ఇప్పుడు ఒక్కటీ పనిచేయడం లేదని ఆయన చెప్పారు. పన్నెండింటికి అసలు హార్డ్ డిస్కులే లేవు. సమాచార భద్రత పేరిట మా సంస్థ వాటిని ఊడదీసి ఉంచుకుంది. వాటి స్థానంలో వేరేవి పెట్టి పంపాలని మాలో ఎవరికీ తట్టలేదు. నేను రాసిన జాబితాలో ఆస్తి సంఖ్య ఉంది, తయారీదారు పేరు ఉంది, కొన్న సంవత్సరం ఉంది. పనిచేస్తుందా లేదా అనే గడి మాత్రం లేదు.

వీటిని తీసేయించి కనీసం గదినైనా పిల్లలకు ఇవ్వవచ్చు కదా అని అడిగాను. స్టాకు రిజిస్టరులోకి ఎక్కిన వస్తువును వదిలించుకోవడం అంత సులభం కాదని ఆయన అన్నారు. కమిటీ వేయాలి, పనికిరావని ధ్రువీకరించాలి, పైనుంచి అనుమతి రావాలి. అంతవరకూ ఒక్క వైరు తగ్గినా జవాబు చెప్పుకోవలసింది వార్డెనే. అంటే మా దానం పిల్లలకు కంప్యూటరు ఇవ్వకపోగా, ఉన్న చదువుకునే గదిని కూడా లాగేసుకుంది.

ఇంటర్మీడియట్ పూర్తిచేసిన ఒక కుర్రవాడు మా వెంటే నిలబడి ఉన్నాడు. ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష రాసి వచ్చాడు. ఆ పరీక్ష ఇప్పుడు కంప్యూటరు మీదే జరుగుతుంది. మూడు గంటలు, నూట అరవై ప్రశ్నలు. "మౌసు పట్టుకోవడం పరీక్ష హాలులోనే నేర్చుకున్నాను సార్. మొదటి ఇరవై నిమిషాలు దానికే పోయాయి" అన్నాడు. ఇరవై నిమిషాలంటే లెక్కప్రకారం దాదాపు పద్దెనిమిది ప్రశ్నలు. తాళం వేసిన గదికి, ఆ పద్దెనిమిది ప్రశ్నలకు మధ్య దూరం పది అడుగులు. బాగుచేయించమని మా సంస్థకు ఒక ఉత్తరం రాయలేకపోయారా అని అడిగితే ఆ కుర్రవాడే బదులిచ్చాడు: "ఊరికే ఇచ్చినవి కదా సార్. బాగాలేవని ఎట్లా అంటాం?"

ఈ మాట నేను పూర్వం విన్నదే. మా నాన్న ఊళ్లో రైతులకు చెప్పులు కుట్టేవాడు, మోటకు తోలు బిగించేవాడు. అమ్మ ఒక పెద్ద రైతు ఇంట్లో పశువుల కొట్టం ఊడ్చేది. ఏడాదికొకసారి పండక్కి ఆ ఇంటివారు దొడ్డిగుమ్మం దగ్గర నిలబెట్టి అమ్మకు పాత చీర ఇచ్చేవారు. దాన్ని అక్కడే మడత విప్పి చూడటం మర్యాద కాదు. కళ్లకద్దుకుని తెచ్చుకోవాలి. ఒక ఏడు ఇంటికి తెచ్చి విప్పితే పమిట చెంగున అరచేతి వెడల్పున కాలిన చిల్లు ఉంది. అమ్మ ఏమీ అనకుండా దాన్ని బొంతలోకి కుట్టేసింది. ఈ చీర వద్దని చెప్పవచ్చు కదా అని చిన్నప్పుడు అడిగాను. వద్దంటే కోతలనాడు కల్లంలో మన మేర సంగతి ఏమవుతుందని ఆమె నన్నే అడిగింది.

మేర అంటే ఏడాది పొడవునా చేసిన చాకిరికి పంట నూర్చినప్పుడు రావలసిన గింజలు. అది కూలి. కానీ దాన్ని కొలిచి పోసే తీరు దానంలా ఉండేది. ఎంత పోసినా చేతులు చాచి పట్టవలసిందే తప్ప కొలత తప్పిందని అనడానికి లేదు. హక్కుగా రావలసినదానికి దయ అనే పేరు పెట్టి, పుచ్చుకునేవాడి నోటినుంచి 'ఇది చాలదు', 'ఇది బాగాలేదు' అనే మాటలు రాకుండా చేయడమే కులవ్యవస్థ ఆర్థికశాస్త్రం. 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేడ్కర్ చెరువు నీటి గురించి మాత్రమే మాట్లాడలేదు. చచ్చిన పశువుల మాంసం మానమని, పారవేసిన ఎంగిలి మెతుకులు పుచ్చుకోవద్దని కూడా తనవారికి చెప్పారు. నీటిని ముట్టే హక్కు, ఎంగిలిని కాదనే హక్కు ఆయన దృష్టిలో ఒకే పోరాటంలోని రెండు భాగాలు.

కంప్యూటర్ల దానాన్ని ఎంగిలితో పోల్చడం అన్యాయమని కొందరు మిత్రులు అనవచ్చు. వారి మనసులను నేను శంకించడం లేదు. నా ఉద్దేశమూ ఆనాడు మంచిదే. అయితే దానం వెనుక ఉన్న లెక్కలను కూడా చూడాలి. ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం కంప్యూటరు విలువను ఏటా 40 శాతం చొప్పున తగ్గించి చూపవచ్చు. లక్ష రూపాయలకు కొన్న యంత్రం నాలుగేళ్లు గడిచేసరికి పుస్తకాల్లో పదమూడు వేలకు దిగుతుంది. ఆపైన అది సంస్థకు చోటు దండగ. 2022లో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు పెద్ద వినియోగదారులపై ఒక బాధ్యత పెట్టాయి. పాడైన పరికరాలను నమోదైన సంస్థలకే అప్పగించాలి. ఆ పనికి లెక్కలుండాలి, పత్రాలుండాలి, శ్రమ ఉంటుంది. అదే సరుకును లారీకెక్కించి ఏదో ఒక వసతిగృహానికి పంపితే గోదాము ఖాళీ అవుతుంది, పత్రికలో ఫొటో వస్తుంది, వ్యర్థం వార్డెన్ రిజిస్టరులోకి మారుతుంది. ఇచ్చినవాడి భారం తీసుకున్నవాడి మీదికి దిగడాన్ని దానమనవచ్చునా?

ఇది మన ఊళ్ల ఆచారం మాత్రమే కాదు. సంపన్న దేశాలు తమ కాలం చెల్లిన కంప్యూటర్లను సెకండ్ హ్యాండ్ సరుకుగా, విరాళంగా ఆఫ్రికా రేవులకు పంపాయి. ఘనా రాజధాని అక్రాలోని అగ్‌బోగ్‌బ్లోషీ అలా చేరిన యంత్రాలు కాలి బూడిదైన చోటుగా ప్రపంచానికి తెలిసింది. ప్రమాదకర వ్యర్థాలను బలహీన దేశాల మీదికి తోయకుండా ఆపడానికే 1989లో బాసెల్ ఒప్పందం కుదిరింది. అయినా 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాన్ని పోగేసిందని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. మిగిలినదాంట్లో మన దేశానిది ఢిల్లీ సీలంపూర్ వంటి బస్తీలకు, మొరాదాబాద్ వీధులకు చేరుతుంది. అక్కడ రాగికోసం వైర్లు కాల్చేదీ, బంగారం రవ్వకోసం సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో ముంచేదీ పేద ముస్లింలు, దళితులు, పొట్టచేతపట్టుకుని వచ్చిన వలసకూలీలు. సీసం వారి ఊపిరిలోకే పోతుంది. చచ్చిన పశువును ఊరి బయటికి ఈడ్చే పనిని ఒక కులానికి అంటగట్టిన సమాజం, చచ్చిన యంత్రాన్ని ఈడ్చే పనినీ అట్టడుగువారికే వదిలేసింది.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత అవసరమైంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్ల మీద, టీపీఎం 2.0 భద్రతా ఏర్పాటు లేని యంత్రాల మీద నడవడానికి ఒప్పుకోదు. నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా ఆఫీసుల నుంచి గుట్టలుగా బయటికి వస్తాయి. వీటిలో చాలావాటికి ఒక ఎస్ఎస్‌డీ, కాస్త అదనపు మెమరీ, లైనక్స్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టం పెడితే మరికొన్నేళ్లు హాయిగా నడుస్తాయి. తెలుగులో ఆపరేటింగ్ సిస్టంను తీర్చిన 'స్వేచ్ఛ' వంటి సంస్థలు మన మధ్యనే ఉన్నాయి. బెంగళూరులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు ఒక మురికివాడలో అంబేడ్కర్ పేరిట కంప్యూటరు కేంద్రం నడిపారు. అక్కడి పిల్లలు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరునూ నేర్చుకున్నారు. అక్కడ యంత్రాలు దింపి ఎవరూ వెళ్లిపోలేదు. నేర్పేవారు వారం వారం వచ్చారు.

కనుక పాత కంప్యూటరును ఇవ్వవద్దని నేను అనడం లేదు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం పట్టణాల్లో 23.4 శాతం ఇళ్లలో కంప్యూటరు ఉంటే, పల్లెల్లో 4.4 శాతం ఇళ్లలోనే ఉంది. పల్లెలోనూ అది ఏ వాడలోని ఇళ్లకు చేరి ఉంటుందో పాఠకులకు వివరించనక్కరలేదు. ఇలాంటి స్థితిలో పనిచేసే ప్రతి యంత్రమూ విలువైనదే. అయితే ఇచ్చే పద్ధతి మారాలి. ఏం కావాలో ముందుగా వసతిగృహాన్ని అడగాలి. కంప్యూటరును విద్యార్థుల ఎదుట నడిపి చూపాలి. పాత సమాచారాన్ని పూర్తిగా తుడిచిన డిస్కునో, కొత్త డిస్కునో దానిలో ఉంచే ఇవ్వాలి. తెలుగు కీబోర్డు, ప్రవేశపరీక్షల సాధన అందులో సిద్ధంగా ఉండాలి. కనీసం రెండేళ్లు మరమ్మతు బాధ్యత ఇచ్చినవారిదే కావాలి. ఆయువు తీరాక తిరిగి తీసుకుని, నమోదైన రీసైక్లింగ్ సంస్థకు అప్పగించే పూచీ రాతపూర్వకంగా ఉండాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, 'ఇది మాకు వద్దు' అని రాసే గడి ఒకటి ఆ కాగితంమీద ఉండాలి.

ఇంకొక మాట ప్రభుత్వాలతో. రాజ్యాంగం 46వ అధికరణం షెడ్యూల్డు కులాల, తెగల విద్యాప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించమని రాజ్యాన్ని ఆదేశిస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యమించి సాధించుకున్న 2013 నాటి ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో దాని స్థానంలో వచ్చిన 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం మన జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించమంటున్నాయి. ప్రవేశపరీక్షను కంప్యూటరు మీద పెట్టిన ప్రభుత్వానికి, ఆ పరీక్ష రాసే ప్రతి పిల్లవాడికి ముందుగా కంప్యూటరు చూపించే బాధ్యత ఉంది. అది మేర వంటిది, రావలసిన బాకీ. దాతలు ఉన్నారు కదా అని ఆ బాకీని ఎగవేయడానికి వీల్లేదు.

మొన్న మా సంస్థ మరో విడత పాత కంప్యూటర్లను బయటికి తీసింది. ఈసారి జాబితా నేను ఒక్కణ్ణే రాయలేదు. ఆ వసతిగృహం నుంచి ముగ్గురు విద్యార్థులను, ఒక అధ్యాపకుణ్ణి ఆఫీసుకు పిలిపించాను. మౌసు సంగతి చెప్పిన కుర్రవాడూ వచ్చాడు. ప్రతి యంత్రాన్నీ వారే నడిపి చూశారు. ముప్పై అయిదింటిలో ఇరవై నాలుగు తీసుకుని, పదకొండు వద్దని రాసి సంతకం చేశారు. మా సహోద్యోగి ఒకరు నా చెవిలో, "ఊరికే ఇస్తుంటే ఇంత ఏరుకుంటారా?" అన్నారు. చీర మడత విప్పి చూస్తున్నారని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. ఆ పదకొండూ ఇంకా మా గోదాములోనే ఉన్నాయి. వాటిని చట్టప్రకారం వదిలించుకునే పని ఇప్పుడు మా సంస్థదే.