గీటురాయికి అందని విలువ

మన పురసవాక్కం హైరోడ్డున నగల దుకాణములకు, తాకట్టు అంగళ్లకు కొదవ లేదు. పాత వెండి కప్పునో, పతకమునో అచ్చటికి కొనిపోయినచో వర్తకుడు గీటురాయిపై ఒరసి చూచి, త్రాసులో వేసి, ఇంత వచ్చునని క్షణములో చెప్పును. ఆయన చెప్పునది లోహపు ధర మాత్రమే. ఆ కప్పును ఎవరు గెలిచిరి, ఏ ఆటలో గెలిచిరి, దానిపై చెక్కిన పేరు నిజమా, కల్పితమా అను సంగతులను గీటురాయి చెప్పజాలదు. పాత క్రీడావస్తువులను పరీక్షించుటకు వేరు పద్ధతులు కలవు. మా వద్దకు వచ్చిన ఒక రేకుపెట్టెను ఆధారముగా గొని వానిని ఇచ్చట వివరింపదలచితిమి.

మా విద్యార్థి ఒకడు తన యింటి అటకమీది పెట్టెను తండ్రిగారితో కలిసి తెచ్చి మాకు చూపెను. అందులో ఒక పాత క్రికెట్ బ్యాటు, సగము చింపిన ఒక టిక్కెట్టు, ఒక పద్దుల పుస్తకము ఉండెను. బ్యాటుపై వినూ మన్కడ్ సంతకము కనబడుచుండెను. “1956లో చేపాక్ మైదానమున ఆట ముగిసిన పిమ్మట మన్కడే మా ముత్తాతగారికి సంతకము చేసి యిచ్చెనట” అని ఆ యింట చెప్పుకొనుచుండిరి. ఆ మాట నమ్మి ఒకాయన మంచి ధర యిచ్చుటకు సిద్ధపడెను. ఆ సొమ్ము పెద్దమ్మాయి కళాశాల రుసుమునకు అక్కరకు వచ్చునని తండ్రిగారి ఆశ. టిక్కెట్టును, పుస్తకమును మాత్రము పాతకాగితములవానికి వేయుటకు వేరుగా ఉంచిరి. “అమ్ముటకు ముందు ఒక మాట తెలిసికొనవలెను. ఇది అసలైనదేనా, అయ్యా?” అని ఆయన మమ్ము అడిగిరి.

ఇట్టి వస్తువును చూచినపుడు వేయవలసిన మొదటి ప్రశ్న: చెప్పిన కాలమున, చెప్పిన చోట ఇది ఉండుటకు వీలున్నదా? 1956 జనవరిలో న్యూజీలండుపై జరిగిన టెస్టులో మన్కడ్ 231, పంకజ్ రాయ్ 173 పరుగులు చేసి, మొదటి వికెట్టుకు 413 పరుగులు జోడించిన మాట నిజము. 2008 వరకు ఆ రికార్డు చెక్కుచెదరలేదు. కాని ఆ ఆట చేపాక్‌లో జరుగలేదు. పెరియమేటు దగ్గర, మన పేటకు సమీపముననే యున్న కార్పొరేషన్ స్టేడియమున జరిగినది. 1956 నుండి 1965 వరకు మద్రాసు టెస్టులన్నియు అచ్చటనే ఆడిరి. చేపాక్‌కు టెస్టులు మరల వచ్చినది 1967 జనవరిలో. ఆ పాత స్టేడియము ఉన్నచోటనే నేడు 1993లో కట్టిన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియము కలదు. కావున ‘చేపాక్, 1956’ అని అచ్చువేసిన టెస్టు టిక్కెట్టును ఎవరైన చూపినచో అది కల్పితమని వెంటనే తెలియును.

ఇట్టి గుర్తులు మరికొన్ని కలవు. మన దేశమున దశాంశ నాణెములు 1957 ఏప్రిల్ 1న వచ్చినవి. అంతకు పూర్వపు టిక్కెట్టుపై ధర అణాలలో ఉండవలెను గాని పైసలలో ఉండరాదు. మద్రాసు రాష్ట్రము 1969లో తమిళనాడు ఆయెను. నగరము పేరు 1996లో చెన్నై ఆయెను. పిన్‌కోడు 1972లో వచ్చెను. పాతదని చెప్పు కాగితముపై తరువాతి కాలపు పేరు గాని, అంకె గాని కనబడినచో ఇక వేరు పరీక్ష అక్కరలేదు. మా ముందున్న టిక్కెట్టుపై కార్పొరేషన్ స్టేడియము పేరు ఉండెను. ధర రూపాయలు, అణాలలో ఉండెను. అనగా ఇంటివారి కథలో చోటు తప్పు, టిక్కెట్టులో ఒప్పు. పెద్దలు అబద్ధమాడిరని దీని అర్థము కాదు. నోటిమాట మూడు తరములు దాటునప్పటికి, తెలియని మైదానము పోయి తెలిసిన మైదానము వచ్చి చేరును.

రెండవది సంతకపు పరీక్ష. దీనికి మంచి భూతద్దము చాలును. చేతితో చేసిన సంతకములో కలము ఆనినచోట సిరా చిక్కగను, వేగముగా సాగినచోట పలుచగను ఉండును. గీతపై గీత పడినచోట ఆ కలయిక కనబడును. అచ్చువేసిన సంతకమున గీతలన్నియు ఒకే మందమున ఉండును. కాగితముపై నైనచో సన్నని చుక్కలు గూడ కనబడవచ్చును. ప్రసిద్ధుల సంతకపు నకలును బ్యాటులపై ముద్రించి అమ్ముట పాత వాడుకయే. అది మోసము కాదు, వ్యాపారము. ఆ నకలును చేతి సంతకమని చెప్పి అమ్ముటయే మోసము.

సిరా గూడ సాక్ష్యము చెప్పును. బాల్‌పాయింటు పెన్నులు 1945 ప్రాంతమున గాని లోకమున విరివిగా అమ్మకమునకు రాలేదు. 1932లో లార్డ్స్ మైదానమున మన మొదటి టెస్టు జట్టును నడిపిన సి. కె. నాయుడుగారు ఆ నాడే బాల్‌పాయింటుతో సంతకము చేసిరనుట పొసగదు. కాగితమునకు మిక్కిలి తెలుపు నిచ్చు రసాయనములు సుమారు 1950 తరువాత వ్యాప్తికి వచ్చినవి. అతినీలలోహిత దీపము క్రింద అట్టి కాగితము నీలపు వెలుగుతో మెరయును. 1930 నాటిదను కాగితము అట్లు మెరసినచో అనుమానింపవలెను. ఆటగాని జీవితమును గూడ తెలిసికొని యుండవలెను. మద్రాసు క్రికెట్టునకు ప్రాణము పోసిన బుచ్చిబాబు నాయుడుగారి కుమారుడు కోటా రామస్వామిగారు 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లోను, 1936లో ఇంగ్లండులో టెస్టు క్రికెట్టులోను దేశము పక్షమున ఆడిరి. వారు 1985 అక్టోబరులో ఇల్లు వెడలి మరల కానరాలేదు. అటు పిమ్మటి తేదీతో వారి సంతకమును ఎవరు చూపినను నమ్మరాదు.

భూతద్దము క్రింద మా విద్యార్థి బ్యాటుపై సంతకము ఒకే మందమున, ఒకే రంగున ఉండెను. అది ముద్రించిన నకలు. తండ్రిగారి ముఖము చిన్నబోయినది. ఆ క్షణమున మాకును బాధ కలిగినది.

మూడవ పరీక్ష అన్నిటికంటె గొప్పది: వస్తువు ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది? ఇందుకు వ్రాతపూర్వకమైన ఆధారము కావలెను. అమ్మువాడే వ్రాసి యిచ్చిన ధ్రువపత్రము ఆధారము కాదు; పత్రమును గూడ వస్తువువలెనే కల్పింపవచ్చును. 1990 దశకమున అమెరికాలో ఎఫ్. బి. ఐ. వారు దొంగసంతకముల ముఠాలను పట్టుకొన్నపుడు మదర్ థెరెసా సంతకముతో నున్న బేస్‌బాల్ బంతులు గూడ దొరకినవట! వానికిని ధ్రువపత్రములు సిద్ధము చేయుట ఆ ముఠాలకు కష్టము కాలేదు.

మా ముందున్న పద్దుల పుస్తకము తెలుగున ఉండెను. తేదీలు, మొత్తములు తెలుగు అంకెలలో ఉండెను. ఆ యింట ఇప్పుడు తెలుగు మాటలాడువారే గాని, ఆ అంకెలను చదువగలవారు లేరు. అందుచేతనే అది పాతకాగితముల కట్టలో చేరినది. మేము ఆ బాలునికి అంకెలు నేర్పి, అతనిచేతనే చదివించితిమి. 1956 జనవరి పుటలో క్రికెట్ టిక్కెట్టునకు వ్రాసిన ఖర్చు దొరకినది. కొన్ని పుటల తరువాత మరియొక పద్దు: మూర్ మార్కెట్టులో అబ్బాయికి బ్యాటు కొన్నందుకు. ఆ అబ్బాయియే ఈ విద్యార్థి తాతగారు. తండ్రి ఆట చూచి వచ్చి, మన్కడ్ పేరున్న బ్యాటును వెదకి కుమారునికి కొని తెచ్చెను. మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయినది. ఆ బేరపు జాడ ఈ ఒక్క పంక్తిలో మిగిలినది.

ఇక విలువ మాట. ధర నిర్ణయించునవి ముఖ్యముగా నాలుగు: వస్తువు ఎంత అరుదు, ఏ సందర్భమునకు చెందినది, ఎంత చెడకుండ ఉన్నది, దానిని కోరువారు ఎందరు. ఎంత పాతది యనునది ఒక్కటే చాలదు. 1952 ఫిబ్రవరిలో చేపాక్‌లో ఇంగ్లండును ఓడించి భారతజట్టు తన తొలి టెస్టు విజయమును పొందినది. ఆ నాటి చిన్న కాగితపు ముక్కకైనను, గుర్తులేని ఆటనాటి పెద్ద వస్తువుకంటె ఎక్కువ గిరాకి ఉండవచ్చును. 1926లో బొంబాయిలో ఎం. సి. సి. జట్టుపై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసిన సి. కె. నాయుడుగారికి ఆ జట్టువారు వెండి బ్యాటును బహూకరించిరి. దానిని తూచి వెండి ధర కట్టువాడు దాని విలువలో ఎన్నవ వంతును చూడగలడు? తమ వస్తువునకు ధర తెలియగోరువారు అమ్మజూపు ధరను గాక, అట్టి వస్తువులు వేలములో నిజముగా పలికిన ధరను విచారింపవలెను. నూరేండ్లు దాటిన చారిత్రక వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టము క్రిందికి వచ్చును. వానిని స్వేచ్ఛగా విదేశములకు పంపరాదు.

ఇంట నున్న వస్తువులను కాపాడు తీరు గూడ చెప్పవలెను. పాత కప్పులను పొడివేసి తళతళ తోమరాదు. చెక్కిన అక్షరములు అరిగిపోవును. కాగితములకు జిగురుటేపు అంటింపరాదు, లామినేషన్ చేయింపరాదు. సంతకమున్న బ్యాటునకు నూనె పూయరాదు. ఎండ, సముద్రపు చెమ్మ, చెదలు మన నగరమున ముఖ్య శత్రువులు. ప్రతి వస్తువుతోడను ఒక చీటి ఉంచి, ఎవరిది, ఎప్పటిది, ఎవరు చెప్పిరి అను మూడు సంగతులను పెన్సిలుతో వ్రాయవలెను. నిశ్చయముగా తెలిసినదానిని, విన్నదానిని వేరువేరుగా వ్రాయవలెను.

ఆ తండ్రిగారు కొనవచ్చినవానికి ఉన్నది ఉన్నట్లు చెప్పిరి, బేరము పోయినది. అమ్మాయి రుసుమును వేరు విధముగా సమకూర్చుకొనిరి. బ్యాటు, టిక్కెట్టు, పుస్తకము ఇప్పుడు ఒకే పెట్టెలో ఉన్నవి. చీటి మా విద్యార్థి తెలుగున వ్రాసెను.

విద్యార్థులారా! మీ యిండ్ల అటకలమీదను ఇట్టి పెట్టెలు ఉండవచ్చును. తల్లిదండ్రులారా! పాతకాగితములవానిని పిలుచుటకు ముందు ఆ కాగితములను మీ పిల్లలచేత ఒకమారు చదివింపుడు. చదువలేకున్నచో మా వద్దకు పంపుడు.