లైగర్‌ది ఏ జాతి?

2022లో విజయ్ దేవరకొండ ‘లైగర్’ సినిమా వచ్చినప్పటి నుంచి ఆ పేరు మన పిల్లలందరికీ తెలుసు. పేరుతోపాటు కొన్ని అపోహలూ వచ్చి చేరాయి.

అపోహ: సింహానికీ పులికీ పుట్టిన ఏ పిల్లైనా లైగరే.

వాస్తవం: తండ్రి సింహం, తల్లి పెద్దపులి అయితేనే లైగర్. తండ్రి పులి, తల్లి సింహం అయితే టైగాన్. లైగర్ అమ్మానాన్నలిద్దరినీ మించి పెరుగుతుంది, టైగాన్ అంత పెరగదు. అమెరికాలో హెర్క్యులిస్ అనే లైగర్ 418.2 కిలోలు తూగి గిన్నిస్ పుస్తకానికెక్కింది.

అపోహ: అంత భారీగా ఉంది, సొంత పేరూ ఉంది, కొత్త జాతే మరి!

వాస్తవం: బరువు చూసి జాతిని తేల్చరు. ప్రకృతిలో తమలో తాము సంతతిని కంటూ, ఇతర గుంపులతో కలవకుండా సాగే జీవుల సముదాయమే జాతి అని 1942లో జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మయర్ చెప్పారు. లైగర్‌కు అడవిలో అలాంటి గుంపే లేదు. ఆఫ్రికా అడవుల్లో పులి లేదు; మన గిర్‌లో సింహాలున్నాయి, పులుల్లేవు. నేడు మనం చూసే లైగర్లన్నీ మనిషి బోనులో పుట్టించినవే. జంతువుల నామకరణ నియమావళి కూడా సంకరజీవికి జాతి పేరు ఒప్పుకోదు. తల్లిదండ్రుల శాస్త్రీయ నామాల మధ్య ఇంటూ గుర్తు పెట్టి రాస్తారు, అంతే. (తెల్లపులి, నల్ల చిరుత కూడా వేరే జాతులు కావు. కానీ అవి సంకరాలే కావు, ఒంటి రంగు మార్చే జన్యువు పని అది.)

అపోహ: సంకరజంతువు కంచరగాడిదలా గొడ్డుదే. పిల్లల్ని కన్నదంటే సింహం, పులి ఒకే జాతి అన్నట్టే.

వాస్తవం: కోల్‌కతాలోని అలీపూర్ జూలో రుద్రాణి అనే ఆడ టైగాన్, దేవబ్రత అనే ఆసియా సింహంతో జతకట్టి పిల్లల్ని కన్నది. వాటిని లిటిగాన్లన్నారు. వాటిలో 1979లో పుట్టిన క్యూబానకాన్ 1991 దాకా బతికింది. అయినా సింహం సింహమే, పులి పులే. ఎందుకంటే ఈ సంకరాల్లో మగవాటికి సంతానం కలగదు. రెండు జాతుల మధ్య గోడకు సందు పడిందే తప్ప గోడ కూలలేదు. సంకర సంతతిలో ఆడ, మగల్లో ఒక్కటే దెబ్బతింటే అది రెండు భిన్నమైన లైంగిక క్రోమోజోములున్నదే అవుతుందని 1922లోనే జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ గమనించారు. క్షీరదాల్లో అది మగది.

అపోహ: విశాఖ, తిరుపతి జూలకు సర్కస్‌ల నుంచి తెచ్చిన ‘హైబ్రిడ్’ సింహాలూ లైగర్లే.

వాస్తవం: కావు. అవి ఆసియా, ఆఫ్రికా సింహాల కలయికలో పుట్టినవి. రెండు వైపులా ఒకే జాతి. కానీ గిర్ సింహాల వంశంలో కలిసిపోతాయని వాటి సంతతిని పెంచలేదు.