పాత రిసీవరుకు కొత్త టీవీతో వియ్యం

2000వ సంవత్సరం అటూ ఇటూగా ఇంటికి 'హోమ్ థియేటర్' తెచ్చుకున్న కుటుంబాలు మన సభ్యుల్లో తక్కువేమీ కావు. డీవీడీలు అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులు. ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫరు, వాటన్నిటినీ నడిపే బరువైన నల్లటి రిసీవరు. ఎన్ని నెలల జీతం దానికి పోయిందో కొన్నవాళ్లకే తెలుసు. ఆ పెట్టెలు ఇప్పుడు చాలా ఇళ్లలో అటకెక్కాయి. ఎందుకండీ అంటే ఒకటే జవాబు: "కొత్త టీవీకి అది కలవదు."

కలుస్తుంది. నేను కామర్స్ చదివినవాణ్ణి, ఇంజనీరును కాను. ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగం నేర్పిన ఒక్క అలవాటు మాత్రం ఇక్కడ అక్కరకొచ్చింది. డబ్బు ఎక్కడ బయలుదేరింది, ఎక్కడ జమైంది, మధ్యలో ఎవరి చేతులు మారింది అని చూస్తాం కదా, శబ్దానికీ అంతే.

ఈ పని నెత్తిన వేసుకోవడానికి కారణం మా అమ్మ. ఆమెకు ఎనభై రెండేళ్లు. మాది హోసూరు దగ్గర పల్లె. బడి చదువు లేదు. ఆమె తెలుగంతా ఇంట్లో విన్నదీ, టెంటు సినిమాల్లో విన్నదీ. బెంగళూరులో మా తమ్ముడి పిల్లలకు తెలుగు రావడమంటే బళ్లో వచ్చేది కాదు, నానమ్మ పక్కన కూర్చుని పాత సినిమాలు చూస్తూ, "అంటే ఏమి నానమ్మా?" అని అడిగితే వచ్చేదే. కొత్త టీవీ వచ్చాక ఆ అడగడం ఆగిపోయింది. అమ్మకు మాటలు వినపడటం లేదు. "ఏమప్పా, దీంట్లో కొట్టుకునేది వినిపిస్తుంది, మాట్లాడేది వినిపించదు" అంది. రెండు వారాలకు టీవీ గదిలోకి రావడమే మానేసింది.

తప్పు పూర్తిగా ఆమె చెవులది కాదు. ఇప్పటి టీవీలు పలకలా పలచన. స్పీకర్లు ముందువైపు పెట్టే చోటు లేక కిందికో, వెనక్కో తిప్పి పెడతారు. మాట గోడకు తగిలి మన దగ్గరకు వస్తుంది. టీవీ కొన్న దుకాణంలో చెప్పుకుంటే సౌండ్‌బార్ తీసుకోమన్నారు, పాత రిసీవరును తూకానికి అడిగారు. ఇవ్వలేదు.

మన పాత రిసీవర్ల వెనక హెచ్.డి.ఎమ్.ఐ. కంత ఉండదు. ఆ పద్ధతి బయటికొచ్చిందే 2002 చివర్లో. ఇళ్లలోని రిసీవర్లలో మామూలు కావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. కానీ 'ఆప్టికల్' అని రాసిన చదరపు కంత ఒకటి ఉంటుంది, చిన్న తలుపుతోనో ప్లాస్టిక్ బిరడాతోనో. జపాన్‌లో తొషీబా సంస్థ 1983లో తెచ్చిన పద్ధతి అది. ఇంతకాలమైనా కొత్త టీవీల్లో చాలావాటి వెనక ఇంకా ఉంది. ఒక్క ఆప్టికల్ వైరు చాలు, వియ్యం కుదిరినట్టే. టీవీ వైపు కంతలో ఎర్రటి వెలుగు కనబడితే ప్రాణం ఉన్నట్టు. వైరు రెండు కొనలకూ పారదర్శకమైన చిన్న తొడుగులుంటాయి, వాటిని తీసి గుచ్చాలి. మా పక్కింటాయన వైరు పాడైందని తిరిగి ఇచ్చేయబోతుంటే చూశాను, తొడుగు అలాగే ఉంది! ఈ వైరులో పోయేది విద్యుత్తు కాదు, కాంతి. అందువల్ల కేబుల్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో వినిపించే 'గుయ్య్' మనే రొద దీనిగుండా రాదు.

వైరు పెట్టినంత మాత్రాన అన్ని స్పీకర్లూ పలకవు. టీవీ సెట్టింగులలో శబ్దం అనే భాగంలోకి వెళ్లి, డిజిటల్ అవుట్‌పుట్ అన్నచోట 'పి.సి.ఎమ్.' ఉంటే 'డాల్బీ డిజిటల్' గానో 'ఆటో' గానో మార్చాలి. పి.సి.ఎమ్. అయితే ఈ వైరు మీద రెండు ఛానెళ్లే వెళ్తాయి. ఇంకో చిక్కుంది. ఇప్పటి సినిమా యాప్‌లు ఎక్కువగా పంపేది 'డాల్బీ డిజిటల్ ప్లస్'. ఆప్టికల్ దారి దాన్ని మోయదు, పాత రిసీవరుకు దాన్ని చదవడమూ రాదు. 1990 నాటి మా శాఖ కౌంటరులో ఎవరైనా క్యూ.ఆర్. కోడ్ చూపిస్తే ఎలా ఉండేదో అలాగన్నమాట. చాలా టీవీలు దాన్ని పాత డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపుతాయి. కొన్ని ఆ శ్రమ తీసుకోక రెండు ఛానెళ్లే ఇస్తాయి. రిసీవరు ముందు పలకమీద డాల్బీ డిజిటల్ అని వెలిగిందా లేదా చూస్తే సంగతి తెలిసిపోతుంది. అసలు శబ్దమే రాకపోతే, రిసీవరులో మీరు నొక్కిన బటనుకు ఆ ఆప్టికల్ కంతను కేటాయించారో లేదో చూడండి. ఈ కేటాయింపు మెనూలో ఎక్కడో లోపల ఉంటుంది.

టీవీకి గుచ్చే స్టిక్కులు వాడేవారికి ఇంకో ఉపాయం. కొన్ని టీవీలు తమ యాప్‌ల శబ్దాన్ని ఐదు స్పీకర్లకూ ఇస్తాయిగానీ, బయటినుంచి హెచ్.డి.ఎమ్.ఐ.లో వచ్చినదాన్ని రెండుకు కుదించేస్తాయి. అప్పుడు 'హెచ్.డి.ఎమ్.ఐ. ఆడియో ఎక్స్‌ట్రాక్టర్' అనే అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బీ కావాలి. స్టిక్కును అందులో గుచ్చితే బొమ్మ టీవీకి, శబ్దం ఆప్టికల్ వైరుకు విడిపోతాయి. దానిమీద చిన్న మీట ఉంటే 5.1 వైపు పెట్టాలి. మీ టీవీ 4కె అయితే, డబ్బీ కూడా 4కె బొమ్మను దాటనిచ్చేదై ఉండాలి. టీవీకి ఆప్టికల్ కంతే లేకపోతే వేరే డబ్బీ ఉంది. అది టీవీలో 'ఎ.ఆర్.సి.' అని రాసిన హెచ్.డి.ఎమ్.ఐ. కంతకు తగిలి శబ్దాన్ని ఆప్టికల్‌గా మార్చి ఇస్తుంది. రెండింటి పేర్లూ ఒకేలా వినిపిస్తాయి, అడిగేటప్పుడు జాగ్రత్త. బెంగళూరువారికి ఎస్.పి. రోడ్డు, చెన్నైవారికి రిచీ స్ట్రీటు, ముంబైవారికి లామింగ్టన్ రోడ్డు ఉన్నాయి. యానాంవారు కాకినాడ వెళ్లొస్తే సరి. బరంపురం మిత్రుడొకరికి నేనే కొని పార్సిల్ పంపాను.

ఫోనులో పాటలకు ఇంత హంగామా అక్కర్లేదు. ఒక కొనకు ఫోను పిన్ను, రెండో కొనకు ఎరుపు తెలుపు పిన్నులు ఉన్న వైరు కొంటే చాలు. ఫోనుకు ఆ గుండ్రటి కంత లేకుంటే చిన్న బ్లూటూత్ రిసీవరు. ఆ పిన్నులను ఆక్స్, సీడీ, టేప్ ఇన్ ఎక్కడైనా పెట్టొచ్చు, 'ఫోనో' అన్నచోట తప్ప. అది గ్రామఫోను రికార్డుల కోసం. రికార్డు సూది ఇచ్చేది సుమారు ఐదు మిల్లీవోల్టులు, దాన్ని ఎన్నో రెట్లు పెంచడానికి పెట్టిన దారి అది. సీడీ ప్లేయరు రెండు వోల్టుల దాకా ఇస్తుంది. అక్కడ గుచ్చితే వచ్చేది పాట కాదు, గోల. అమెరికానుంచి పిల్లలు తెచ్చిన రిసీవరైతే వెనక 120 వోల్టులని రాసి ఉందేమో ముందు చూడండి. ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ప్లగ్గు ముట్టుకోవద్దు.

ఇక మా అమ్మ సంగతి. ఐదు స్పీకర్లలో మధ్యది, అంటే టీవీ కింద పెట్టేది, ముఖ్యంగా మాటల కోసం. రిసీవరు రిమోటులో ఒక్కో స్పీకరునూ విడిగా పెంచే బటన్లు ఉంటాయి. మధ్యదాన్ని నాలుగు డెసిబెల్స్ పెంచాను, సబ్‌ఊఫరును తగ్గించాను. పాత సినిమాలది వేరే కథ. 1957 నాటి 'మాయాబజార్' వంటివి మోనో, అంటే రెండువైపులా వచ్చేది ఒకటే శబ్దం. రిసీవరులో 'ప్రోలాజిక్' నొక్కితే, రెండువైపులా ఒకేలా ఉన్నదాన్ని అది మధ్య స్పీకరుకు తోస్తుంది. మాటంతా ఒకేచోటినుంచి, ఎదురుగా మనిషి కూర్చుని చెబుతున్నట్టు వస్తుంది. సౌండ్‌బార్ ప్రకటనల్లో పక్కలకు, పైకప్పుకు శబ్దం పంపుతామని గొప్పగా చెబుతారు. వృద్ధులకు కావలసింది అది కాదని నా అభిప్రాయం.

ఆ ఆదివారం అమ్మ తలుపు దగ్గర నిలబడే పది నిమిషాలు చూసి, తర్వాత వచ్చి కూర్చుంది. ఘటోత్కచుడి శిష్యుల మాటలకు పిల్లలు అర్థం అడిగారు. ఆమె చెప్పినదాంట్లో సగం హోసూరు తెలుగు, నాకే కొత్త. ఇప్పుడు ఇంట్లో ఉన్న ఫిర్యాదు రెండు రిమోట్ల గురించే. టీవీ స్పీకర్లను మూసేశాం కనుక శబ్దం పెంచడం రిసీవరు రిమోటుతోనే. దానిమీద ఆ రెండు బటన్ల పక్కన ఎర్రటి నెయిల్‌పాలిష్ చుక్కలు మా ఆవిడ పెట్టింది.

రిసీవరు కిందికి దిగాక ఇంకో లాభం కనబడింది. దానికి టేప్ డెక్కు తగిలించే కంతలున్నాయి, సౌండ్‌బార్‌లకు సాధారణంగా ఉండవు. 1986లో మా మేనత్త మంగళహారతులు, తాతగారి కబుర్లు రికార్డు చేసిన క్యాసెట్లు ఒక బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. వారిద్దరూ ఇప్పుడు లేరు. రిసీవరులో 'టేప్ అవుట్' అని ఉన్న రెండు పిన్నుల నుంచి, చిన్న యు.ఎస్.బి. ఆడియో డబ్బీ ద్వారా కంప్యూటరుకు ఎక్కిస్తున్నాను. ఆ దారిలో రిసీవరు వాల్యూముతో పని లేదు, రాత్రివేళ స్పీకర్లు మూసేసి కూడా చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ మైకు కంతలో నేరుగా పెట్టవద్దు, శబ్దం పగిలిపోతుంది. సీడీ స్థాయిలో ఎక్కిస్తే నిమిషానికి సుమారు పది ఎమ్.బి., గంట క్యాసెట్టుకు ఆరువందల పైచిలుకు. క్యాసెట్టు పెట్టేముందు పై అంచున ఉన్న రెండు చిన్న రెక్కలను విరిచేయండి, పొరపాటున రికార్డు బటను నొక్కినా చెరిగిపోదు.

తాతగారి క్యాసెట్టు ఒకవైపు మొత్తం రాగుల ధరమీదే ఉంది. అమ్మ రెండుసార్లు పెట్టించుకుని వింది. ఇంకా పదకొండు మిగిలాయి, వారానికొకటి చొప్పున చేస్తున్నాను.