ఉరుముల మేఘంలో ఎన్ని వోల్టులు?

మీ ఇంట్లో దీపం వెలిగించే కరెంటు 230 వోల్టులు. మరి, ఉరిమే మేఘంలో ఎన్ని వోల్టులు ఉంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? దాన్ని కొలవడం తేలిక కాదు. బెలూనుకు పరికరం కట్టి పంపితే అది తాను పోయిన దారి సంగతే చెబుతుంది. మేఘమేమో మైళ్ళకొద్దీ పరుచుకుని ఉంటుంది.

ఈ చిక్కు విప్పడానికి మ్యూఆన్లు తోడ్పడ్డాయి. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు మన వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే కణాలివి. ఎలక్ట్రాను కన్న సుమారు 207 రెట్లు బరువు. మీరిది చదువుతుండగానే మీ అరచేతిలోంచి సెకనుకు ఒకటి చొప్పున దూసుకుపోతున్నాయి. భయపడకండి, మీకేమీ తెలియదు!

తమిళనాడులోని ఊటీలో, సముద్రమట్టానికి 2,200 మీటర్ల ఎత్తున, టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి గ్రేప్స్-3 కేంద్రం ఉంది. పేరు వింటే నోరూరుతుంది కాని అక్కడ ద్రాక్షపళ్ళు దొరకవు. 560 చదరపు మీటర్ల మ్యూఆన్ దూరదర్శిని ఉంది. దానికి అద్దాలుండవు. దళసరి కాంక్రీటు కింద వరుసలుగా పేర్చిన ఇనుప గొట్టాలే దాని కళ్ళు. శక్తి చాలని మ్యూఆన్లు కాంక్రీటులోనే ఆగిపోతాయి. దాటి వచ్చినవాటినే గొట్టాలు లెక్కపెడతాయి. ఆ లెక్క రోజుకు సుమారు 400 కోట్లు! అందుకే చిన్న తేడా వచ్చినా పట్టుబడుతుంది.

2014 డిసెంబరు 1న ఊటీ మీదుగా ఉరుముల మేఘం సాగిపోయింది. అప్పుడు 18 నిమిషాలపాటు మ్యూఆన్లు సుమారు 2 శాతం తగ్గాయి. ఎందుకు?

మ్యూఆన్లలో ధనావేశం కలవీ, ఋణావేశం కలవీ ఉంటాయి. మేఘంలోని విద్యుత్ క్షేత్రం ఒక రకాన్ని ముందుకు తోస్తే, రెండోదానికి ఎదురుగాలిలో సైకిలు తొక్కినట్లవుతుంది. రెండు రకాలూ సమానంగా ఉంటే ఇక్కడ తగ్గినది అక్కడ పెరిగి లెక్క ఇంచుమించు సరిపోయేది. కాని ధన మ్యూఆన్లే ఎక్కువ. ఆ రోజు ఎదురుగాలి తగిలింది వాటికే. అలా శక్తి కోల్పోయినవాటిలో కొన్ని కాంక్రీటును దాటలేకపోయాయి.

ఈ దూరదర్శిని ఆకాశాన్ని 169 దిక్కులుగా విడదీసి చూస్తుంది. ఏ దిక్కున ఎప్పుడు తగ్గిందో గమనించి, మేఘం గంటకు సుమారు 60 కిలోమీటర్ల వేగంతో కదిలిందని కూడా తేల్చారు. 2 శాతం తగ్గాలంటే ఎన్ని వోల్టులుండాలో కంప్యూటరుతో లెక్కగట్టారు. వచ్చిన జవాబు 130 కోట్ల వోల్టులు! అంతకు ముందు బెలూన్లతో కొలిచిన గరిష్ఠం 13 కోట్లే.

2019లో ప్రకటించిన ఈ ఫలితం ఇంకో ముడిని విప్పడానికీ పనికివచ్చింది. ఉరుముల మేఘాల నుంచి గామా కిరణాలు తళుక్కుమంటున్నాయని 1994లో ఒక ఉపగ్రహ పరిశీలనల వల్ల వెల్లడైంది. మేఘానికి అంత శక్తి ఎక్కడిదని అందరూ ఆశ్చర్యపోయారు. కోటానుకోట్ల వోల్టులుంటే ఎలక్ట్రాన్లు ఆ వేగం అందుకోగలవు. మేఘాల్లో వంద కోట్ల వోల్టులు ఉండవచ్చునని 1920లలోనే ఊహించిన శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్. ఆయన ఊహకు కొలత దొరకడానికి ఇంచుమించు 90 ఏళ్ళు పట్టింది.